మిట్టమధ్యాహ్నపు గోదావరి: ఒక వేసవి ఫొటో డైరీ

మార్చి చివర

ఈ వేసవికి రెండు నియమాలు పెట్టుకున్నాను. ఒకటి, రాజమండ్రిలో మా ఇంటి నుంచి స్కూటీ మీద పాతిక కిలోమీటర్లు దాటి వెళ్లకూడదు. రెండు, ఫొటోలన్నీ పొద్దున్న పదికీ మధ్యాహ్నం మూడుకీ మధ్యనే తీయాలి.

రెండోది విని ఫొటోలు తీసే స్నేహితులు వద్దన్నారు. కెమెరా పట్టుకున్న ప్రతివాళ్లకీ ముందుగా నూరిపోసే పాఠం అదే కదా. పొద్దు పొడిచిన గంటా పొద్దు వాలే గంటా బంగారం, మధ్యాహ్నం మనుషుల కళ్లు గుంటలు పడినట్టు వస్తాయి, రంగులు వెలిసిపోతాయి, కెమెరా సంచిలో పెట్టుకుని ఇంటికి వెళ్లిపో అంటారు. అందులో అబద్ధం లేదు. కానీ ఇన్నేళ్లుగా నేను తీసిన వేసవి ఫొటోలన్నీ ముందేసుకుని చూస్తే పుష్కరాల రేవు, పడవ, వంతెన మీదుగా దిగిపోతున్న సూర్యుడు తప్ప ఇంకేమీ కనపడలేదు. మా వైపు వేసవి అంటే ధాన్యం ఆరబోత, తాండ్ర, వడియాలు, కాలవల్లో పూడికతీత, ఆవకాయ ముక్కలు. ఇవేవీ సాయంత్రం ఆరింటికి జరిగేవి కావు. ఎండ ముదిరే దాకా ఆగి మొదలుపెట్టే పనులు కొన్నయితే, ఎండలోనే ముగించుకోవాల్సినవి కొన్ని. బంగారపు గంట కోసం ఎదురుచూసేవాడికి ఇవి ఎప్పటికీ దొరకవు. అందుకని మధ్యాహ్నపు వెలుగునే నేర్చుకోవాలనుకున్నాను.

సామాను కొత్తగా ఏమీ కొనలేదు. నికాన్ డి5600, దానితో వచ్చిన 18-55 లెన్సు, 35 ఎంఎం లెన్సు, మెరుపు తగ్గించే పోలరైజరు ఫిల్టరు ఒకటి, ఒక తెల్ల థర్మోకోల్ షీటు, గొడుగు. కెమెరాకి చుట్టడానికి తడిపి పిండిన తువ్వాలు వద్దు, పొడి తెల్లగుడ్డ చాలు. నల్లటి కెమెరా ఎండలో అయిదు నిమిషాలుంటే చేత్తో పట్టుకోలేం.

ఏప్రిల్ మొదటి వారం: డాబా మీద

దూరం వెళ్లకముందు ఇంట్లోనే మొదలుపెట్టాను. అమ్మ సగ్గుబియ్యం వడియాలు పెడుతోంది. డాబా మీద పాత తెల్లపంచె పరిచి, గరిటెతో వరసలు వరసలుగా.

మధ్యాహ్నపు ఎండలో ఒక సుఖం ఉంది. వెలుగు మారదు. మబ్బు లేకపోతే ఎఫ్16 దగ్గర (ఎఫ్ అంటే లెన్సు రంధ్రపు అంకె, అంకె పెరిగితే రంధ్రం చిన్నది) షట్టరు వేగం ఐఎస్ఓ, అంటే వెలుగుని పట్టే సున్నితత్వం, అంకెంత ఉంటే సరిపోతుందన్నది ఫిల్ము కాలం నుంచీ ఉన్న లెక్క. ఐఎస్ఓ 100 అయితే సెకండులో వందో వంతు. ఎఫ్11కి వస్తే 200వ వంతు. పదకొండు నుంచి ఒంటిగంట దాకా ఈ లెక్క కదలలేదు. కెమెరాలో వెలుగు కొలిచే మీటరు మాట వినకుండా మాన్యువల్‌లో పెట్టుకుని, ఎదురుగా జరిగేదాని మీదే కళ్లు పెట్టుకోవచ్చు.

చిక్కల్లా నీడల దగ్గరే. ఎండలో ఉన్న పంచెకి సరిపెడితే, చెంగు కప్పుకున్న అమ్మ ముఖం నల్లగా మునిగిపోవాలి. మునగలేదు. స్పాట్ మీటరు పెట్టి కొలిచి చూశాను. అమ్మ ఉత్త సిమెంటు నేల మీద నిలబడ్డప్పటికంటే, పంచె మీదికి వంగినప్పుడు ముఖం మీద వెలుగు దాదాపు రెండు స్టాపులు ఎక్కువ (ఒక్కో స్టాపుకీ వెలుగు రెట్టింపు). తెల్లగుడ్డ మీద పడిన ఎండ కింది నుంచి పైకి కొట్టి కళ్లగుంటల్ని నింపేస్తోంది. స్టూడియోలో డబ్బు పోసి పెట్టుకునే రిఫ్లెక్టరు ఇక్కడ వడియాల కింద పరుచుకుని ఉంది.

ఈ వేసవి పనికి దారి చూపింది ఆ పంచే. ఎండలో ఏది ఆరబెట్టినా దాన్ని నేల మీద వెడల్పుగా పరుస్తారు. పరిచింది ఎండని పైకి కొడుతుంది. ఆ పని చేసే మనిషి దాని మీదికి వంగే ఉంటుంది. అంటే ఆ పనే తన వెలుగు తాను తెచ్చుకుంటుందన్నమాట. థర్మోకోల్ షీటు ఇంట్లోనే వదిలేశాను.

ఏప్రిల్ మూడో వారం: దాళ్వా ధాన్యం

ధవళేశ్వరం బ్యారేజీ దాటి, పిచ్చుకలంక మీదుగా బొబ్బర్లంక వైపు వెళ్తే రోడ్డుకి ఒక పక్కంతా ధాన్యమే. దాళ్వా, అంటే రెండో పంట వరి, కోతలు జోరు మీదున్నాయి. మిషను కోసిన ధాన్యం పచ్చిగా వస్తుంది. తేమ 17 శాతానికి మించితే కొనుగోలు కేంద్రంలో తీసుకోరు కాబట్టి రెండు మూడు ఎండలు తగలాల్సిందే. మధ్యలో మబ్బు పడితే అందరూ బరకాల కోసం పరుగు.

ఆరబోసిన ధాన్యాన్ని గంటకోసారి తిరగేస్తారు. కొందరు చెక్క పలకతో లాగుతారు. ఎక్కువమంది ఆడవాళ్లు కాళ్లతోనే. పాదాలు ఈడుస్తూ ఈ చివరి నుంచి ఆ చివరికి నడుస్తారు, వెనక చాళ్లు పడతాయి. చూడ్డానికి నడకలాగే ఉంటుంది గానీ ఆ నేల ఎలా కాలుతుందో చెప్పులు విప్పి నిలబడితే తెలుస్తుంది.

ముందు అడిగి తీయడం నా అలవాటు. "అక్కా, మీరు తిరగేస్తుంటే రెండు ఫొటోలు తీసుకోనా?" అంటే తలకి చుట్టుకున్న తువ్వాలు సర్దుకుని, "తియ్యండమ్మా, మరీ నల్లగా పడతానేమో చూడండి" అందామె. ఈ మాట చాలామంది నోట విన్నాను. ఇందులో కెమెరా తప్పు కూడా ఉంది. ఎదురుగా బంగారు రంగులో మెరిసే ధాన్యం నిండి ఉంటే, మీటరు దాన్నంతా సగటు చేసి బూడిద రంగుకి దింపేస్తుంది. దాంతో మనిషి ముఖం ఉన్నదానికంటే చీకటిగా వస్తుంది. ఒక స్టాపు పెంచి తీస్తే ఆమె చామనచాయ చామనచాయగానే పడుతుంది. ఇంటికొచ్చాక కంప్యూటర్లో ఒళ్లు తెలుపు చేసే పని మాత్రం నేను చేయను. ఆ రంగులో ఎంత ఎండ ఉందో అదీ ఫొటోలో ఉండాలి. తెర మీద చూపిస్తే ఆమె చాలాసేపు చూసి, "నాలాగే ఉన్నాను" అంది. నాకు అంతకంటే మంచి మెచ్చుకోలు అక్కర్లేదు.

రోజంతా అక్కడే ఉండి ఒక సంగతి గమనించాను. పదిన్నరకి చాళ్ల పక్కన సన్నటి నీడలుంటాయి. ధాన్యం దుక్కి దున్నిన చేనులా కనిపిస్తుంది. పన్నెండుకి ఆ నీడలు మాయమై అంతా ఒకటే బంగారు పరుపు. రెండు దాటాక మళ్లీ చాళ్లు లేస్తాయి. చాళ్లు కావాలంటే పదిన్నర, ముఖాలు కావాలంటే పన్నెండు. ముఖాలకి పన్నెండు మంచిదని ఏ పాఠంలోనూ చదవలేదు. తలగుడ్డ నీడలో ఉన్న ముఖానికి కింద ధాన్యం నుంచి వచ్చే వెచ్చటి వెలుగు ఆ గంటలోనే నిండుగా ఉంటుంది. కెమెరాలో ఉండే చిన్న ఫ్లాష్‌తో కూడా పోల్చి చూశాను. దాని గైడ్ నంబరు 12, దాన్ని ఎఫ్ అంకెతో భాగిస్తే వెలుగు అందే దూరం మీటర్లలో వస్తుంది. ఎఫ్11 దగ్గర మీటరు దూరం దాటితే అందదు, అందినంత మేరా చల్లటి తెల్లవెలుగు. ధాన్యం వెలుగు ముందు అది నిలవలేదు.

ఏప్రిల్ చివర: కడియం, ఆవకాయ బజారు

కడియపులంక నర్సరీల గురించి ఎక్కువ రాయను. పువ్వుల ఫొటోలు అందరూ తీస్తారు. నేను వెళ్లింది షేడ్‌నెట్ కింద సంచుల్లో మట్టి నింపే ఆడవాళ్ల కోసం. ఎకరాల కొద్దీ వల కప్పితే కింద వెలుగు మెత్తగా, ఎటు చూసినా ఒకేలా ఉంటుంది. నీడల గొడవే లేదు. వల పచ్చది కావడంతో మనుషుల ముఖాలన్నీ పసరు పూసినట్టు వస్తాయి. వల కింద తెల్లకాగితం పెట్టి, దాన్ని చూపించి కెమెరాలో తెలుపు తెలుపుగా కనిపించేలా చేసే వైట్ బ్యాలెన్సు అక్కడికక్కడే కుదుర్చుకుంటే సరిపోతుంది. దాన్ని కెమెరాకే వదిలేస్తే ఒక్కో ఫొటో ఒక్కో రంగు. కెమెరా పట్టింది పట్టినట్టు దాచే ఎన్ఈఎఫ్ ఫైలుగా తీస్తాను కాబట్టి తరవాత సరిచేయవచ్చు. కానీ అక్కడే తెర మీద సరైన రంగు కనిపిస్తే, ఎదుటివాళ్లకి చూపించేటప్పుడు మర్యాదగా ఉంటుంది.

ఆవకాయ రోజులొచ్చాయి. బజారులో మామిడికాయలు కొన్నచోటే ముక్కలు కొట్టించుకుంటారు. పెద్ద కత్తి, ఒక చెక్క దిమ్మ, గోనెపట్టా నీడ. టెంక మధ్యకి తెగి, ప్రతి ముక్కకీ లోపలి పెంకు అతుక్కుని ఉండాలి, లేకపోతే ఊరగాయ మెత్తబడిపోతుంది. కొట్టేవాళ్ల కన్ను కాయ మీదే ఉంటుంది, కెమెరా వైపు చూసే తీరికుండదు. పట్టాకి చిరుగులున్న చోట ఎండ చుక్కలు చుక్కలుగా పడుతోంది. ఆ చుక్క ఒకటి కత్తి దిగే చోటే పడేదాకా నిలబడ్డాను. సెకండులో వెయ్యో వంతు పెడితే జీడి చిందడం కూడా ఆగింది.

మే 8: నీడ లేని మధ్యాహ్నం

ఏటా రెండుసార్లు సూర్యుడు మన నడినెత్తి మీదుగా సరిగ్గా నిలువుగా వెళ్తాడు. మన దేశంలో కర్కాటక రేఖకి దక్షిణాన ఉన్న ఊళ్లన్నిటికీ ఇది ఉంటుంది, తేదీ మాత్రం అక్షాంశాన్ని బట్టి మారుతుంది. రాజమండ్రి దాదాపు 17 డిగ్రీల ఉత్తరాన ఉంది. మనకి అది మే 8 చుట్టుపక్కల వస్తుంది. ఒకరోజు అటూ ఇటూ అయినా మీటరు కర్రకి నీడ అర సెంటీమీటరు కూడా ఉండదు, కంటికి తేడా తెలియదు. ఆగస్టు మొదటి వారంలో మళ్లీ వస్తుంది గానీ అప్పటికి ఆకాశం నిండా మబ్బులు.

టైము కూడా మనకి అనుకూలమే. భారత కాలమానానికి ఆధారమైన 82.5 డిగ్రీల తూర్పు రేఖాంశం కాకినాడకి దగ్గరలోనే వెళ్తుంది, మనం దానికి కొంచెం పడమర. సూర్యుడి నడకకీ గడియారానికీ మే నెలలో ఉండే తేడా కూడా కలుపుకుంటే సూర్యుడు నెత్తి మీదికి వచ్చేది పన్నెండుకి ఒక నిమిషం ముందు. హైదరాబాదులో అయితే పన్నెండుంపావు దగ్గరికి వెళ్తుంది.

మేనకోడల్ని తీసుకుని పుష్కరాల రేవుకి వెళ్లాను. స్టీలు గ్లాసు ఒకటి బోర్లించి, పక్కన నిలువుగా గొట్టం ఒకటి పెట్టాం. పదకొండున్నరకి పడమటి వైపు వేలెడు నీడ. అది లోపలికి ముడుచుకుంటూ వచ్చి, చివరికి గొట్టం అడుగున చుట్టూ సన్నటి అంచు మాత్రమే మిగిలింది. "అత్తా, నా నీడ నా కాళ్ల కిందికి వచ్చేసింది" అని తను గెంతుతుంటే గెంతినప్పుడల్లా నీడ ఊడి కిందపడినట్టు కనిపించింది. ఆ గెంతే ఫొటో తీశాను. పాదాలు మెట్టుకి జానెడు ఎత్తున, నీడ సరిగ్గా వాటి కింద. అది చూస్తే నిలువు దిక్కు అంటే ఏమిటో మా బడిలో పిల్లలకి వేరే చెప్పనక్కర్లేదు.

అక్కడి నుంచి పాత హేవలాక్ వంతెన దగ్గరికి. 1900లో రైలు మొదలైన వంతెన అది. 1997లో పక్కన ఆర్చి వంతెన వచ్చాక దానికి విశ్రాంతి ఇచ్చారు. ఆ పూట దాని నీడ సరిగ్గా దాని కిందే, ఇసుక మీద గీసినట్టు తిన్నగా, అటు పక్కకి గానీ ఇటు పక్కకి గానీ ఒరగలేదు. వంతెన కింద ఆ నీడ పట్టీలో మాత్రమే మనుషులు వరసగా కూర్చుని భోజనాలు చేస్తున్నారు. ఎండలో ఒక్కరూ లేరు. వంతెన వెడల్పెంతో జనం కూర్చున్న వెడల్పూ అంతే.

పోలరైజరు గురించి కూడా ఆరోజే తెలిసింది. ఆకాశం ముదురు నీలమయ్యేది సూర్యుడికి తొంభై డిగ్రీల దూరంలో. సూర్యుడు వారగా ఉన్నప్పుడు ఆకాశంలో ఒక పక్కే ముదురుతుంది, వెడల్పు ఫొటోల్లో మరకలా పడుతుంది. నడినెత్తిన ఉన్నప్పుడు తొంభై డిగ్రీలంటే చుట్టూ ఉన్న దిగంతమంతా. ఎటు తిరిగినా అడుగున ఒకే ముదురు. వేసవి ధూళి వల్ల ఆ నీలం పల్చబడుతుంది గానీ, రాత్రి వాన కురిసిన మర్నాడు అద్భుతంగా ఉంటుంది.

మే మూడో వారం: ఆత్రేయపురం

ఈ వేసవిలో నేను ఎక్కువసార్లు వెళ్లిన ఊరు ఇదే. పూతరేకుల ఊరని అందరికీ తెలుసు. 2023లో భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. కానీ మే నెలలో ఊళ్లోకి అడుగు పెడితే ముందు తగిలేది మామిడి వాసన. ఇక్కడ తాండ్ర కూడా అంత పేరున్నదే.

పండ్ల గుజ్జు పిండి, వడకట్టి, తీపి కలిపి చాపల మీద పోస్తారు. చేత్తో పల్చగా పరుస్తారు. ఆ పొర ఆరాక దాని మీద ఇంకో పొర. అలా రోజుల తరబడి పొర మీద పొర ఎక్కితే తాండ్ర అవుతుంది. మధ్యాహ్నం రెండు గంటలకి గాలి తిరిగి పడమటి వైపు నల్లబడిందంటే, ఈదురుగాలి వచ్చేలోపు చాపలన్నీ లోపలికి చేరాలి. అక్కడి పెద్దాయన నాతో మాట్లాడుతున్నంతసేపూ ఆకాశం వైపే చూస్తున్నారు. "గాలిలో తేమ వాసనొస్తే చాలమ్మా, ఇంక నిద్రుండదు" అన్నారు.

తడి గుజ్జుని ఫొటో తీయడం కష్టమని అనుకుంటారు, మెరుపు వల్ల. నడినెత్తి ఎండలో సూర్యుడి మెరుపు నిలువుగా పైకే వెళ్లిపోతుంది. పక్కన నిలబడ్డవాళ్ల కళ్లలో పడదు. పడేదల్లా ఆకాశపు తెల్లటి ప్రతిబింబం. చాపకి కాస్త ఏటవాలుగా నిలబడి పోలరైజరు తిప్పితే ఒక చోట ఆ తెలుపంతా తెర తీసినట్టు పోయి, కింద ముదురు నారింజ రంగు బయటపడుతుంది. గుజ్జులో వేళ్లు లాగిన గీతలు కూడా కనిపిస్తాయి. ఫిల్టరు వల్ల ఒకటిన్నర, రెండు స్టాపుల వెలుగు పోతుంది. ఇక్కడ వెలుగుకి కరువు లేదు కాబట్టి ఇబ్బంది లేదు. సాయంకాలం ఇదే పని చేస్తే చెయ్యి కదిలి ఫొటో చెడుతుంది.

గుజ్జు పరిచే ఆమె ముఖం మీద నారింజ రంగు ఛాయ పడుతోంది. మొదట దాన్ని సరిచేద్దామా అనిపించింది. ఉంచేశాను. కడియంలో వల పచ్చదనం తీసేసినదాన్ని ఇక్కడ ఈ రంగు ఎందుకు ఉంచానని మేనకోడలు అడిగింది. వల రంగు ఆ పనిది కాదు, వేరే రంగు వల కప్పినా పని అదే. మామిడి రంగు ఆమె పనిదే.

పూతరేకుల ఇల్లు వేరే లోకం. అది నీడలో, మంట ముందు జరిగే పని. ప్రత్యేకంగా చేయించిన కుండని బోర్లించి, కింద ఎండు కొబ్బరాకు మంట పెడతారు. బియ్యప్పిండి నీళ్లలా పల్చగా జారుగా ఉంటుంది. గుడ్డ ముక్కని అందులో ముంచి కుండ మీద ఈ పక్క నుంచి ఆ పక్కకి ఒక్క లాగు. క్షణంలో రేకు లేస్తుంది. అది చేతికి వచ్చేలోపు ఇంకో ఆకు మంటలోకి తోస్తారు. ఎడమచెయ్యి ఏం చేస్తోందో కుడిచేతికి చెప్పనక్కర్లేదు.

ఆ గది తలుపు బయట వాకిలంతా ఎండ. వాకిట్లో పడ్డ ఎండ గుమ్మం గుండా లోపలికి మెత్తగా వస్తుంది. అదే నాకు కిటికీ. 35 ఎంఎం లెన్సు ఎఫ్2.8 దగ్గర, ఐఎస్ఓ 1600, సెకండులో 500వ వంతు. ముందు గుమ్మం వైపు వీపు పెట్టి తీశాను. మనిషి బాగా వచ్చింది, రేకు మాత్రం కనపడలేదు. కాగితం కంటే పల్చటి వస్తువు మీద ముందు నుంచి వెలుగు పడితే అది ఉన్నట్టే తెలియదు. పక్కకి జరిగి, రేకుకి వెనక గుమ్మం వచ్చేలా కూర్చుంటే వెలుగు రేకులోంచి దూరి వచ్చింది. గుడ్డ లాగిన గీతలు, ఆవిరి బుడగల గుర్తులు, అంచు దగ్గర చిన్న చిరుగు అన్నీ పడ్డాయి. వైట్ బ్యాలెన్సు పగటి వెలుగుకే ఉంచితే మంట మంట రంగులోనే ఉంది.

"టీచరుగారూ, మంట పక్కన ఎంతసేపని కూర్చుంటారు, మజ్జిగ తాగండి" అని ఆవిడే గ్లాసిచ్చారు. అంతసేపు మంట పక్కన కూర్చునేది నిజానికి ఆవిడ. ఎండాకాలమంతా, రోజూ.

మే చివర: రోహిణి కార్తె, కట్టేసిన కాలవలు

రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయంటారు. ఈ వారం వడగాడ్పుకి పన్నెండు తరవాత నిలబడడం ఆరోగ్యానికి మంచిది కాదు కాబట్టి పదకొండున్నరకల్లా నీడకి చేరాలని నియమం కొంచెం మార్చుకున్నాను. ఉప్పు, పంచదార కలిపిన నీళ్లు రెండు సీసాలు. మేనకోడల్ని తీసుకెళ్లలేదు.

దాళ్వా అయ్యాక కాలవలు కట్టేస్తారు. ఏడాదిలో కాలవ అడుగు కనిపించేది ఇప్పుడే. కాటన్ దొర ఆనకట్ట 1852లో పూర్తయింది, ఇప్పటి బ్యారేజీ దాని స్థానంలో వచ్చింది. ధవళేశ్వరం, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరం అని నాలుగు భాగాలు దానికి. వాటి కింద పారే కాలవల అడుగున ఇప్పుడు యంత్రాలు పూడిక తీస్తున్నాయి, మనుషులు గుర్రపుడెక్క గట్టుకి లాగుతున్నారు.

పెద్ద లెన్సు ఒకటి అడిగి తెచ్చుకుని ఇసుక తిన్నెల మీద దూరంగా ఉన్న పడవలు తీయబోయాను. కాలిన ఇసుక మీద గాలి అలలు అలలుగా లేస్తుంటే ఎంత మంచి లెన్సయినా బొమ్మ వణుకుతుంది. షట్టరు వేగం పెంచినా అంతే, మధ్యలో ఉన్న గాలే వంకర కాబట్టి. దగ్గరికి నడిచి వెళ్లడం ఒక్కటే మార్గం.

మే 8 నాటి పాఠం ఇక్కడ అక్కరకొచ్చింది. ఆ తేదీ దాటాక మధ్యాహ్నం సూర్యుడు మనకి ఉత్తరం వైపుకి జరుగుతాడు. జూన్ మూడో వారానికి ఆరు డిగ్రీల పైచిలుకు. అంటే నట్టనడి వేసవిలో పన్నెండింటికి దక్షిణపు గోడ నీడలో ఉంటుంది, ఉత్తరపు గోడని ఎండ పైనుంచి రాసుకుంటూ దిగుతుంది. ఏడాదిలో మిగతా రోజుల్లో ఉత్తరపు గోడకి మధ్యాహ్నం ఎండే ఉండదు. లొల్ల లాకుల దగ్గర ఉత్తరం వైపు తిరిగిన పాత రాతి గోడ ఒకటి చూసుకుని నిలబడ్డాను. పదకొండింటికి మామూలు గోడే. పన్నెండుకి దగ్గరపడేకొద్దీ వెలుగు గోడకి దాదాపు సమాంతరంగా దిగి, రాయి మీద ఉలి దెబ్బ ప్రతిదానికీ సన్నటి నీడ గీత పుట్టింది. నీటి మట్టం ఏళ్ల తరబడి నిలిచిన గుర్తులు పట్టీలు పట్టీలుగా తేలాయి. ఈ ఒక్క ఫొటో కోసం పదకొండున్నర నియమం పక్కన పెట్టి, గొడుగు కింద చెట్టు నీడలో ఆగాను. ఆ గోడ మీద అలా వెలుగు పడింది కాసేపే. ఉలి పట్టినవాళ్ల పేర్లు ఎక్కడా లేవు. వాళ్ల చేతి వాటం మాత్రం ఆ గీతల్లో ఉంది. చాలా గీతలు కుడి నుంచి ఎడమకి వాలి ఉన్నాయి.

జూన్ రెండో వారం: ప్రింట్లు

కాలవలకి నీళ్లొదిలారు. లాకుల గోడ సగం మునిగింది. బడి తెరిచే లోపు ఫొటోలు ఏరి ప్రింట్లు వేయించాను, ఎ4 సైజులో మాట్ కాగితం మీద. మెరిసే కాగితం మీద మధ్యాహ్నపు వెలుగు మరీ గట్టిగా కొడుతోంది. మాట్ మీద నీడల్లో ఉన్న వివరం బాగా నిలిచింది. ల్యాబులో నలుపు తెలుపు చేయిస్తే బాగుంటుందని సలహా ఇచ్చారు. ఒప్పుకోలేదు. ధాన్యం వెలుగూ మామిడి వెలుగూ రంగులోనే ఉన్నాయి, అది తీసేస్తే మిగిలేది ఎండ ఒక్కటే.

ఎవరి ఫొటో వాళ్లకి ఇచ్చి రావడానికి రెండు రోజులు తిరిగాను. ధాన్యం తిరగేసిన అక్క ఇప్పుడు నారుమడి పనిలో ఉంది, చేతులు కడుక్కుని వచ్చి తీసుకుంది. తాండ్ర పెద్దాయన ముందు ఫొటోలో ఆకాశం ఏ రంగులో ఉందో చూశారు. ఆరోజు వాన పడలేదని గుర్తు చేసుకున్నారు.

పూతరేకుల ఆవిడ తన ఫొటో గుమ్మం దగ్గరికి తీసుకెళ్లి చూశారు. రేకు బాగా పడిందన్నారు. తరవాత, "మంట ఏదమ్మా?" అన్నారు. నేను రేకు కోసం బిగించి తీయడంతో కుండ నోట్లో మంట ఫ్రేములో సగమే ఉంది. కుండ ఎంత కాగిందో మంట చూసే తెలుసుకుంటారట. మంట ఎక్కువైతే రేకు మాడుతుంది, తగ్గితే కుండకి అతుక్కుపోతుంది. గుడ్డ లాగడం ఎవరైనా నెల రోజుల్లో నేర్చుకుంటారు, మంట చూడడానికే ఏళ్లు పడుతుంది అన్నారు. ఆవిడ కళ్లు రేకు మీద కాకుండా మంట మీద ఉన్న క్షణాలు నా దగ్గర చాలా ఉన్నాయి, మంటతో కలిపి తీసినవి లేవు.

వచ్చే ఆదివారం మళ్లీ వెళ్తున్నాను. 18-55 లెన్సు ఎక్కువ వెడల్పు పట్టేలా 18 దగ్గర పెట్టి, నేలకి ఆనుకుని, ముందు మంట, దాని పైన కుండ, వెనక గుమ్మం. మంటకి సరిపెడితే ముఖం తగ్గుతుంది కాబట్టి వాకిట్లో గుమ్మానికి ఎదురుగా తెల్లపంచె పరుస్తాను. మబ్బు లేకపోతే పదకొండు, పన్నెండు మధ్య లోపలికి ఒక స్టాపు వెలుగైనా పెరగాలి. పంచె అమ్మ ఇస్తానంది, వడియాల డబ్బా కూడా ఆవిడకి పట్టుకెళ్లమంది.